విశాఖ చలికి ఎంత తీపి? ఒక సెంటు ప్రాజెక్టు డైరీ

కావలసింది ఇదీ: డిసెంబరు, జనవరి సాయంత్రాల్లో వేసుకునే సెంటు. వెనిలా, సాంబ్రాణి, పచౌలి (మట్టి వాసన వచ్చే ఒక ఆకు నూనె) మీద నిలబడాలి. తియ్యగా, చిక్కగా ఉండాలి గానీ మిఠాయి కొట్టులోకి అడుగుపెట్టినట్టు ఉండకూడదు. ఒంటి మీద కనీసం ఐదు గంటలు ఉండాలి. పక్కన కూర్చున్నవాళ్ళకి తెలియాలి, హాలంతా కమ్మేయకూడదు.

దీనికి 11 వారాలు, 14 ట్రయల్స్ పట్టాయి. అందులో తొమ్మిది పారబోశాను. ఎవరైనా ఇదే పని మొదలుపెడితే నా డబ్బుతో నేర్చుకున్నది వాళ్ళకి ఊరికే దొరకాలని రాస్తున్నాను కాబట్టి కుదిరినవాటి కంటే చెడిపోయినవాటికే ఎక్కువ చోటిచ్చాను. ఇదంతా ఇంటి వాడకానికే. అమ్మాలనుకుంటే కాస్మెటిక్స్ తయారీ లైసెన్సు కావాలి, అది వేరే కథ.

మొదటి దశ: సరుకులు (నవంబరు 3)

పని చేసిన చోటు ఎంవీపీ కాలనీలో మా ఇంటి స్టోర్ రూమ్. ఒక బల్ల, ఒక కిటికీ. కొన్నవి:

1. 0.01 గ్రాముల వరకు చూపించే చిన్న త్రాసు: రూ. 650
2. 10 మి.లీ. గాజు సీసాలు, ప్లాస్టిక్ డ్రాపర్లు, లేబుళ్ళు: రూ. 480
3. వాసన పొడులు: వెనిలిన్, ఇథైల్ వెనిలిన్ (రెండూ వెనిలా వాసనకి), కౌమరిన్ (ఎండుగడ్డి వాసన), ఇథైల్ మాల్టాల్ (తీపి వాసన): రూ. 900
4. ల్యాబ్‌లో తయారయ్యే వాసన సరుకులు: ఐసో ఈ సూపర్, హెడియోన్, గ్యాలక్సొలైడ్, ఆంబ్రాక్సన్: రూ. 2,100
5. నూనెలు: పచౌలి, నారింజ, ఏలకులు, లవంగం, దాల్చినచెక్క, కాస్త లాబ్డానమ్ (ఒక మొక్క నుంచి తీసే చిక్కటి బంక): రూ. 1,750
6. పొడులు కరిగించడానికి డీపీజీ అనే వాసన లేని ద్రవం: రూ. 220
7. సెంట్ల తయారీకి అమ్మే డీనేచర్డ్ (తాగడానికి పనికిరాకుండా చేసిన) ఆల్కహాల్, 500 మి.లీ.: రూ. 700

పెరూ బాల్సమ్ అనే చెట్టు బంక కూడా కొందామనుకున్నాను. ముడి పెరూ బాల్సమ్‌ని సెంట్లలో వాడకూడదని అంతర్జాతీయ పరిమళ సంఘం ఇఫ్రా నిషేధించింది, చర్మానికి ఎలర్జీ తెప్పిస్తుందని. పాత ఫార్ములాల్లో కనిపిస్తుంది గానీ జోలికి వెళ్ళకండి.

*ఇప్పటివరకు: రూ. 6,800. ట్రయల్స్: 0.*

రెండో దశ: స్పిరిట్‌తో పోయిన మూడు ట్రయల్స్

ఆల్కహాల్ మంటలంటుకునే సరుకు కాబట్టి విమానంలో రాదు, రోడ్డు మీదే రావాలి. పదహారు రోజులు పట్టింది. మిగతావన్నీ బల్ల మీద పెట్టుకుని అన్నాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేక, మందుల షాపులో 60 రూపాయల సర్జికల్ స్పిరిట్ తెచ్చి 1, 2, 3 నంబర్ల ట్రయల్స్ దాంతో కలిపేశాను.

గది బయటి నుంచే అమ్మ అడిగింది: "ఎవరికిరా నడుం పట్టేసింది?"

నేను తెచ్చిన స్పిరిట్‌లో మిథైల్ శాలిసిలేట్ ఉంది. నొప్పుల బామ్‌లో వచ్చే వాసన అదే. వెనిలాని ఎంత పోసినా దాని మీద నిలబడలేదు. శానిటైజర్ కూడా పనికిరాదు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, చర్మం మీద జిడ్డు మిగులుతుంది. మూడు సీసాలూ పోయాయి. సరుకు వచ్చేదాకా ఆగడమే.

ఆల్కహాల్ వచ్చాక ఇంకో సంగతి చూసుకోవాల్సి వచ్చింది. ఇథనాల్, అంటే ఈ ఆల్కహాల్, ఆవిరి నిప్పు తగిలితే అంటుకోవడానికి 13 నుంచి 17 డిగ్రీలు చాలు. అంటే మన విశాఖలో ఎంత చలి సాయంత్రమైనా మూత తీసిన సీసా అంటుకునే స్థితిలోనే ఉంటుంది. మా దేవుడి గూడు స్టోర్ రూమ్ గోడకి అవతలే. అమ్మ దీపం పెట్టే వేళ ఆరు గంటలు. అందుకే ఆరింటికల్లా మూతలు బిగించి, కిటికీ తెరిచి, అరగంట గదిలోకి వెళ్ళకూడదని నియమం పెట్టుకున్నాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

*ఇప్పటివరకు: రూ. 6,860. ట్రయల్స్: 3. పారబోసినవి: 3.*

మూడో దశ: చుక్కలు వద్దు, తూకమే

మొదటి మూడూ చుక్కల లెక్కన కలిపాను. ఎందుకు తప్పో తెలియాలని ఒకే డ్రాపర్‌తో 20 చుక్కలు వేసి తూచాను. నారింజ నూనె 0.41 గ్రా., పచౌలి 0.52 గ్రా., డీపీజీ 0.66 గ్రా. లాబ్డానమ్ అయితే డ్రాపర్ నుంచి దిగనే లేదు, తేనెపట్టు పిండినట్టు వేలాడింది. చుక్కల్లో రాసిన ఫార్ములా ఇంకొకరి డ్రాపర్‌తో ఇంకో సెంటు అవుతుంది.

తూకంలోనూ ఇబ్బంది ఉంది. సముద్రపు గాలి వచ్చే కిటికీ పక్కన ఈ చిన్న త్రాసు 0.03 నుంచి 0.05 మధ్య ఊగుతూనే ఉంటుంది. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, త్రాసు చుట్టూ చెప్పుల అట్టపెట్టెని మూడు వైపులా గోడలా నిలబెట్టాక గానీ అంకె కుదురుగా నిలవలేదు. నవంబరులో ఫ్యాన్ లేకుండా మూసిన గదిలో పావుగంట కూర్చుంటే చెమట చుక్క త్రాసు మీద పడుతుంది. పడింది కూడా.

పైగా 0.01 గ్రాముల త్రాసుతో 0.02 గ్రా. తూస్తే అసలు బరువు 0.015 కావచ్చు, 0.025 కావచ్చు. పావు వంతు తప్పు. అదే పొడిని 10 శాతం ద్రావణం చేసుకుంటే 0.20 గ్రా. తూస్తాం, తప్పు పదో వంతుకి తగ్గుతుంది. ఘాటు సరుకులన్నిటికీ ఇదే పద్ధతి:

1. ఖాళీ సీసా త్రాసు మీద పెట్టి సున్నా చేయాలి.
2. పొడి 1.00 గ్రా. వేయాలి.
3. డీపీజీ 9.00 గ్రా. పోయాలి.
4. మూత బిగించి 50 డిగ్రీల వేడినీళ్ళ గిన్నెలో పది నిమిషాలు ఉంచి ఊపాలి. పొయ్యి మీద పెట్టొద్దు.
5. పేరు, శాతం, తేదీ రాసి అంటించాలి. "తర్వాత రాద్దాం" అనుకున్న రెండు సీసాల్లో ఏది వెనిలినో ఏది ఇథైల్ వెనిలినో తేల్చుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.

*ఇప్పటివరకు: రూ. 6,860. ట్రయల్స్: 3.*

నాలుగో దశ: ఇథైల్ మాల్టాల్‌తో కుస్తీ (నవంబరు 20 నుంచి 30)

తియ్యని సెంట్ల అసలు కిటుకు ఈ తెల్లపొడిలో ఉంది. వాసన అచ్చం పీచుమిఠాయి. 1992లో వచ్చిన ఏంజెల్ సెంటు దీన్నే ముందుకు తెచ్చి, దానికి ఎదురుగా పచౌలిని దండిగా నిలబెట్టింది. ఆ తర్వాత వచ్చిన తియ్యని సెంట్లలో చాలావరకు ఆ దారినే నడిచాయి.

మొదట కరిగించడంలోనే దెబ్బతిన్నాను. 10 శాతం ద్రావణం సాయంత్రానికి తేటగానే ఉంది, తెల్లారి చూస్తే సీసా అడుగున సూదుల్లాంటి పలుకులు. మళ్ళీ వేడి చేస్తే కరిగాయి, మర్నాటికి మళ్ళీ వచ్చాయి. డీపీజీ అంత మోయలేకపోతోంది. 5 శాతానికి తగ్గించాక నిలిచింది. అందుకే కింద ఫార్ములాలో ఇదొక్కటే 5 శాతం ఉంటుంది.

రెండోది రంగు. ఒక సీసా రాత్రికి రాత్రి గులాబీ రంగుకి తిరిగింది. తమ్ముడు "రోజ్‌మిల్క్ బాగుంది" అన్నాడు. గడ్డలు చిదమడానికి వాడిన పాత చాకు కొన మీద కాస్త తుప్పు ఉంది. మాల్టాల్ జాతి పదార్థాలు ఇనుముతో కలిస్తే ఎర్రటి సమ్మేళనం తయారవుతుంది. చాకు పక్కన పడేసి, అగర్‌బత్తి పుల్ల కడిగి ఆరబెట్టి దాంతో కలపడం మొదలుపెట్టాను. మళ్ళీ రంగు రాలేదు.

ఇక మోతాదు. ప్రతి ట్రయల్‌కి 5.00 గ్రా. చిక్కటి మిశ్రమం (ఆల్కహాల్ కాక మిగతా వాసన సరుకులన్నీ కలిపింది) చేసి, రెండు రోజులు ఉంచి, కాగితం చీలిక మీదా మణికట్టు మీదా చూశాను. అమ్మకి ఏది ఏదో చెప్పకుండా తమ్ముడి చేత అక్షరాలు రాయించాను.

ట్రయల్ 4, ఇథైల్ మాల్టాల్ 1.0 శాతం: అమ్మ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి చూసి వచ్చింది. "ఎవరింట్లోనో పాకం ముదిరిపోయింది." కాగితం చీలిక మీద ఎనిమిదో రోజు కూడా అదే వాసన, మిగతా పన్నెండు సరుకులూ లేనట్టే.

ట్రయల్ 5, 0.5 శాతం, దాల్చినచెక్క నూనె 1 శాతం: వాసన పర్వాలేదు. పావుగంటకి మణికట్టు ఎర్రగా కంది దురద మొదలైంది, రెండు రోజులు పోలేదు. దాల్చినచెక్క నూనెలోని సిన్నమాల్డిహైడ్ చర్మాన్ని రేపుతుందని చదివి కూడా "ఒక్క శాతమేగా" అనుకున్నాను. ఆ సీసా బల్ల మీద నుంచే తీసేశాను. కాస్త మసాలా వెచ్చదనం కోసం లవంగ నూనెని 10 శాతానికి పలచన చేసి అందులోంచి కొద్దిగా వాడాను.

ట్రయల్ 6, 0.2 శాతం: తీపి ఒక మెట్టు దిగింది గానీ కింద పట్టుకునేది ఏమీ లేదు. పల్చటి చక్కెరనీళ్ళు.

ట్రయల్ 7, ఇథైల్ మాల్టాల్ అసలు లేకుండా, వెనిలిన్ రెట్టింపు: కస్టర్డ్ పౌడర్ డబ్బా తెరిచినట్టుంది. తీపి తగ్గించాలని చేస్తే ఇంకో రకం తీపి వచ్చి కూర్చుంది. ఇక్కడే వెనిలిన్‌లో కొంత తీసి ఇథైల్ వెనిలిన్ పెట్టాను. ఇది వెనిలిన్ కంటే సుమారు మూడు రెట్లు ఘాటు, కాస్త చాక్లెట్ వైపు వాలుతుంది. 1925లో గెర్లాన్ కంపెనీ షాలిమార్‌ని నిలబెట్టింది దీని మీదే.

ట్రయల్ 8, ఇథైల్ మాల్టాల్ 0.2, పచౌలి 6 శాతం: మొదటిసారి అమ్మ వెంటనే ఏమీ అనలేదు. మళ్ళీ ఒకసారి వాసన చూసి, "ఇది తినేది కాదు, పూసుకునేది" అంది. ఉంచాను.

*ఇప్పటివరకు: రూ. 6,860. ట్రయల్స్: 8. పారబోసినవి: 7.*

ఐదో దశ: సాంబ్రాణి (నవంబరు 20 నుంచి డిసెంబరు 13)

వెనిలాకి కింద ఒక బంక కావాలి, ఎగిరిపోకుండా పట్టుకోవడానికి. ఆన్‌లైన్‌లో బెంజాయిన్ రెజినాయిడ్ అని అమ్మేది మన సాంబ్రాణే. పూర్ణా మార్కెట్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఆఫీసు పెట్టుకుని దాన్ని పార్సిల్‌లో తెప్పించుకోవడమేమిటని అక్కడికే వెళ్ళాను.

పూజసామాన్ల కొట్టు పెద్దాయన అడిగాడు: "ఏటి బాబూ, ధూపానికా?"

"కాదండీ, నానబెట్టడానికి."

"నానబెట్టడమేటి, బియ్యమా?"

కప్పు సాంబ్రాణి, కంప్యూటర్ సాంబ్రాణి వద్దు. వాటిలో బొగ్గుపొడి, జిగురు, ఇంకేవో కలుస్తాయి. ముడి సాంబ్రాణి 100 గ్రా. రూ. 180కి తెచ్చాను.

దాన్ని మిక్సీలో వేయడం ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను చేసిన అతి తెలివితక్కువ పని. రెండు నిమిషాల్లో జారు వేడెక్కి సాంబ్రాణి కరిగి బ్లేడు చుట్టూ లక్కలా బిగుసుకుంది. స్పిరిట్‌తో మూడుసార్లు కడిగాను (రెండో దశలో మిగిలిన సర్జికల్ స్పిరిట్ అలా పనికొచ్చింది). వారం తర్వాత కూడా కొబ్బరి చట్నీలో గుడి వాసన. అమ్మ ఆ జారుని నాకే ఇచ్చేసింది, కొత్తది కొనిపించుకుంది. ఆ ఖర్చు ఈ లెక్కల్లో వేయడం లేదు.

సరైన పద్ధతి:

1. సాంబ్రాణి ముక్కల్ని ఫ్రీజర్‌లో రెండు గంటలు ఉంచాలి.
2. తీసిన వెంటనే రోట్లో దంచాలి. బరకగా ఉంటే చాలు.
3. 20.00 గ్రా. పొడికి 80.00 గ్రా. ఆల్కహాల్.
4. పది రోజులు చీకట్లో ఉంచి రోజుకోసారి ఊపాలి.
5. ఫిల్టర్ కాగితంలో వడకట్టి, కాగితం మీద మిగిలిన పిప్పిని ఆరబెట్టి తూచాలి.

ఐదో మెట్టు దాటేయకండి. నా మొదటి సాంబ్రాణిలో పిప్పి 8.90 గ్రా. మిగిలింది. బెరడు ముక్కలు, ఇసుక, కరగని తెల్లటి గుజ్జు. అంటే 20 గ్రాముల్లో దిగింది 11 మాత్రమే, వాసనలోనూ కాస్త కిరసనాయిలు ఛాయ. దాంతో చేసిన ట్రయల్ 9 కిరసనాయిలు దీపం పక్కన పాయసం తాగినట్టుంది.

మళ్ళీ అదే కొట్టుకి వెళ్ళి పిప్పి పొట్లం విప్పి చూపించాను. పెద్దాయన నవ్వి లోపలి డబ్బా తీశాడు. బాదంపప్పు ఆకారంలో ముక్కలు, పైన తేనె రంగు, విరిస్తే లోపల పాల తెలుపు. 100 గ్రా. రూ. 420. "ఇది అడిగితేనే తీస్తాం బాబూ, ధూపానికి ఎవరు కొంటారు?" దీని పిప్పి 2.10 గ్రా. మాత్రమే. దాదాపు 90 శాతం దిగింది. సాంబ్రాణిలో సియామ్ రకం లావోస్, థాయ్‌లాండ్ వైపు నుంచి వస్తుంది, వెనిలా వాసన ఎక్కువ. సుమత్రా రకం కాస్త ఘాటు. పెద్దాయనకి ఈ పేర్లు తెలియవు, నేనూ ముక్క విరిచి వాసన చూసే ఎంచుకున్నాను.

ఒక భ్రమ కూడా ఇక్కడే పోయింది. సాంబ్రాణి సెంటు అనగానే పొగ వాసన అనుకుంటాం. పొగ వచ్చేది నిప్పు మీద వేస్తేనే. నానబెట్టిన సాంబ్రాణిలో పొగ ఉండదు. వెనిలా, పాత చెక్కపెట్టె, కొంచెం బాదం. అదే నాకు కావలసింది.

మోతాదు ఎక్కువైతే బంక. ట్రయల్ 10 మొదటి పోతలో మొత్తం బరువులో 40 శాతం ఈ అర్కమే పోశాను. వాసన అద్భుతం, చేతి వెంట్రుకలన్నీ అతుక్కుపోయాయి. ఇంకా ఆల్కహాల్ పోసి 20 శాతానికి దించాక ఆరితే పొరలా తెలియడం లేదు.

*ఇప్పటివరకు: సాంబ్రాణి రూ. 600, ఫిల్టర్ కాగితాలు రూ. 110 కలిపి రూ. 7,570. ట్రయల్స్: 10. పారబోసినవి: 8.*

ఆరో దశ: కాఫీ

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సీసా మీద "అరకు కాఫీ" అని రాసుకోవాలని ఆశ. చికోరీ లేని పొడి 10 గ్రా., ఆల్కహాల్ 50 గ్రా. ఒక్క రోజుకి వడకడితే వాసన బాగుంది గానీ చర్మం మీద పది నిమిషాలే. ఐదు రోజులు ఉంచితే రాత్రి మిగిలిన డికాషన్. రెంటికీ రంగు మాత్రం గట్టిగా దిగింది. ట్రయల్ 11 పారబోశాను. పొడి రూ. 250 మాత్రం వృథా కాలేదు, తాగేశాం.

*ఇప్పటివరకు: రూ. 7,820. ట్రయల్స్: 11. పారబోసినవి: 9.*

ఏడో దశ: లంబసింగిలో పాస్, బీచ్‌లో ఫెయిల్ (డిసెంబరు 14 నుంచి 30)

ట్రయల్ 12 అంటే ట్రయల్ 10 నే తిరిగి చేసి, 20 శాతం గాఢతలో (అంటే మొత్తం బరువులో చిక్కటి మిశ్రమం 20 శాతం) స్ప్రే సీసాలోకి ఎక్కించింది. చలి సెంటుని చలిలోనే చూడాలి కదా అని, ఉష్ణోగ్రత, తేమ చూపించే చిన్న మీటర్ (రూ. 350) కొని, తమ్ముడితో నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్ళాను.

సాయంత్రం 6:40, మీటర్ మీద 12 డిగ్రీలు. మణికట్టు మీద రెండు స్ప్రేలు. నారింజ, ఏలకులు ఎంతకీ పైకి లేవలేదు, పది నిమిషాల తర్వాత ఎక్కడో దూరంగా తగిలాయి. తీపి లోపలే ఉంది. తమ్ముడు చేయి చాచినంత దూరంలో ఉంటే ఏమీ తెలియలేదన్నాడు, ముక్కు దగ్గర పెడితేనే "అబ్బ, బాగుందన్నయ్యా" అన్నాడు. ఏడున్నరకి పక్క టెంటు వాళ్ళు చలిమంట వేశారు. ఆ పొగ తర్వాత రాసుకున్నవేవీ లెక్కలోకి రావని నోట్స్ మూసేశాను. మీరు వెళ్తే మంటకి దూరంగా ఉండే చోటు ముందే అడిగి తీసుకోండి.

పొద్దున 5:30, 6 డిగ్రీలు. చర్మం మీద ఏమీ మిగల్లేదు. ఉన్ని శాలువా మీద పడినది మాత్రం వెనిలా, సాంబ్రాణి, అడుగున పచౌలి మట్టి, ఏదీ దేన్నీ తొక్కకుండా ఉంది. కొండ దిగుతూ పని అయిపోయిందనుకున్నాను.

24న సాయంత్రం 7 గంటలకి అదే సీసా, అవే రెండు స్ప్రేలు, ఆర్కే బీచ్‌లో కురుసురా సబ్‌మెరైన్ దగ్గర గట్టు మీద. 24 డిగ్రీలు, తేమ 76 శాతం. చుట్టూ జనం స్వెట్టర్లలో, ఇద్దరు మంకీ క్యాపుల్లో కూడా ఉన్నారు, ఎందుకంటే క్యాలెండర్ ప్రకారం ఇది చలికాలం. నాలుగడుగుల అవతల మురీ మిక్సర్ పొట్లం పట్టుకున్న తమ్ముడు చుట్టూ చూసి, "పీచుమిఠాయి బండి వచ్చినట్టుందన్నయ్యా" అన్నాడు. బండి లేదు. నలభై నిమిషాలకి నాకే తలనొప్పి వచ్చింది, బీచ్ కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాను.

కారణం ఇంటికొచ్చి ఆలోచిస్తే సులువే. వేడి పెరిగేకొద్దీ ఏ పదార్థమైనా త్వరగా ఆవిరవుతుంది. కొండ మీద చల్లబడిన చర్మం కొంచెం కొంచెంగా వదిలినదాన్ని బీచ్‌లో వెచ్చటి చర్మం ఒకేసారి వదిలేసింది. చలిదేశాల కోసం రాసిన ఫార్ములాలు చూసి నేను కలిపాను, వాళ్ళ సాయంత్రం లంబసింగి లాంటిది. నేను ఏడాదికి ఒకసారి లంబసింగి వెళ్తాను, మిగతా చలికాలమంతా ఎంవీపీ కాలనీలోనే ఉంటాను. కాబట్టి బీచ్‌కే సరిచేయాలి.

మార్చినవి, ఎందుకు మార్చానో:

1. ఇథైల్ మాల్టాల్ 0.20 నుంచి 0.08 శాతానికి. బండి వాసన దీనిదే.
2. పచౌలి 6 నుంచి 12 శాతానికి. ఇది ట్రయల్ 13. అతి అయింది, వర్షాకాలంలో పాత పుస్తకాల బీరువా తెరిచినట్టు. ట్రయల్ 14లో 9కి దించాను.
3. మొత్తం గాఢత 20 నుంచి 16 శాతానికి, ట్రయల్ 14లోనే.

30న మళ్ళీ అదే గట్టు, 23 డిగ్రీలు. నాలుగడుగుల దూరంలో తమ్ముడికి తెలియలేదు, పక్కన కూర్చుంటే తెలిసింది. చర్మం మీద 5 గంటల 40 నిమిషాలు. నారింజ మొదటి ఇరవై నిమిషాలు, తర్వాత పచౌలి, రెండో గంట నుంచి సాంబ్రాణితో వెనిలా. తీపి ఉందా అంటే ఉంది, ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేం.

*ఇప్పటివరకు: రూ. 8,170. ట్రయల్స్: 14. పారబోసినవి: 9.*

ఎనిమిదో దశ: బ్యాచ్ (జనవరి 1 నుంచి 19)

ఆల్కహాల్ రెండో సీసా రూ. 700, 10 మి.లీ. స్ప్రే సీసాలు 15, రూ. 420. 20.00 గ్రా. చిక్కటి మిశ్రమానికి తూకాలు:

1. ఐసో ఈ సూపర్: 4.00
2. వెనిలిన్, 10 శాతం: 3.00
3. హెడియోన్: 2.80
4. గ్యాలక్సొలైడ్, 50 శాతం: 2.00
5. కౌమరిన్, 10 శాతం: 2.00
6. పచౌలి నూనె: 1.80
7. ఇథైల్ వెనిలిన్, 10 శాతం: 1.00
8. నారింజ నూనె: 0.90
9. లాబ్డానమ్, 10 శాతం: 0.80
10. ఆంబ్రాక్సన్, 10 శాతం: 0.80
11. లవంగ నూనె, 10 శాతం: 0.40
12. ఇథైల్ మాల్టాల్, 5 శాతం: 0.32
13. ఏలకుల నూనె: 0.18

దీనికి సాంబ్రాణి అర్కం 25 గ్రా., ఆల్కహాల్ 80 గ్రా. మొత్తం 125 గ్రా.

ఇక్కడా ఒక తప్పు జరిగింది. డిస్టిల్డ్ వాటర్ కొద్దిగా పోస్తే ఆల్కహాల్ ఘాటు తగ్గుతుందని ఎక్కడో చదివాను. అదృష్టం బాగుండి మొత్తంలో కాకుండా 10 గ్రా. విడిగా తీసి అందులో పోశాను. మజ్జిగలా తెల్లబడింది. నీళ్ళు తగలగానే సాంబ్రాణి బంక విడిపోతుంది. ఇంకా ఆల్కహాల్ పోస్తే తేటబడింది గానీ సీసా గోడకి అంటిన బంక కరగలేదు. సాంబ్రాణి ఉన్న సెంటులో నీళ్ళు వద్దు. మూత తెరిచి వదిలేయడమూ వద్దు, మన గాలిలోని తేమని ఆల్కహాల్ పీల్చుకుంటుంది.

మిగతాది పద్దెనిమిది రోజులు బీరువాలో ఊరింది. మధ్యలో భోగి వచ్చింది. వీధిలో మంటల పొగతో ఆ రెండు రోజులూ ముక్కు పనిచేయలేదు, పరీక్షలు ఆపేశాను. చివరి రెండు రోజులు సీసాని ఫ్రిజ్‌లో పెట్టి, అడుగున పేరుకున్న గోధుమరంగు మడ్డిని చల్లగా ఉండగానే వడకట్టాను. బయటికి తీసి చల్లదనం పోయాక వడకడితే మడ్డి మళ్ళీ కరిగిపోతుంది, ఉపయోగం లేదు.

రంగు సంగతి. ట్రయల్ 12 మిగులుని డిసెంబరు 14న రెండు సీసాల్లో పోసి ఒకటి కిటికీలో, ఒకటి బీరువాలో పెట్టాను. ఐదు వారాలకి బీరువాలోది లేత తేనె రంగు, కిటికీలోది స్ట్రాంగ్ టీ. వెనిలిన్ వెలుతురుకి గోధుమరంగు తిరుగుతుంది. తెల్ల కాటన్ గుడ్డ మీద రెండూ కొట్టి, ఉతికి చూశాను. బీరువాలోదానికి కూడా పసుపు మరక లీలగా మిగిలింది. చర్మం మీదే కొట్టుకోండి, తెల్ల బట్టల మీద వద్దు.

చేతికొచ్చినవి 13 సీసాలు. రెండు తమ్ముడికి.

*మొత్తం: రూ. 9,290. ట్రయల్స్: 14. సీసాలు: 13.*

అమ్మ ఒకటి తీసుకుని బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టుకుంది. మరక పడుతుందమ్మా అన్నాను. "నేను కొట్టుకుంటేగా. మూత బిగించే ఉంచుతాలే, తలుపు తీసినప్పుడల్లా అదే వస్తుంది" అంది. నిన్న తీసి చూశాను, నిజంగానే వస్తోంది. అంటే సీసా మూత కారుతోందన్నమాట. ఆ 13 సీసాల మూతలూ ఒకసారి చూడాలి.